జ్వరం తగ్గితే ఫైలు మూసినట్లేనా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో లింఫోమా వ్యాధి, సైటోకైన్ జన్యువుల అదుపు అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనందరికీ పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా గారి కేసులో తీర్పు చెప్పి, పెన్షను అన్నది దయాభిక్ష కాదు, మనం చేసిన సేవకు దక్కిన హక్కు అని తేల్చింది. ఏటా ఈ సభలో డి.ఎ. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీ ఇంట్లో ఆ జబ్బును దగ్గరగా చూశారు గదా, పదిమందికీ పనికొచ్చేటట్లు పావుగంట చెప్పండి" అన్నారు. కాదనలేకపోయాను.

ముందుగా ఒక మనవి. నేను డాక్టరును కాను. నీటిపారుదల శాఖ విజయవాడ సర్కిలు ఆఫీసులో గుమాస్తాగా చేరి, ముప్పయ్ ఐదేళ్ళు ఫైళ్ళు నడిపి రిటైరైన వాణ్ణి. మా తోడల్లుడికి లింఫోమా వచ్చినప్పుడు ఏడాది పాటు ఆయన వెంట ఆసుపత్రుల చుట్టూ తిరిగాను. తెలియని మాట వినపడినప్పుడల్లా కాగితం మీద రాసుకుని వచ్చి, బయోకెమిస్ట్రీ చదివిన మా అమ్మాయిని అడిగేవాణ్ణి. డాక్టర్లు చెప్పింది, మా అమ్మాయి విడమరచింది కలిపి మీ ముందు ఉంచుతున్నాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. జ్వరం తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. ఇది పెద్దలకు తెలియని మాట కాదు. కాని లింఫోమాలో ఇది ఎందుకు నిజమో తెలిస్తే, మెడ మీద బిళ్ళ కట్టినప్పుడు ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదో తెలుస్తుంది.

మన ఒంట్లో రక్తనాళాలు కాక ఇంకొక కాలువల వ్యవస్థ ఉంది. దాన్ని లింఫు వ్యవస్థ అంటారు. ఆ కాలువల వెంబడి మెడలో, చంకల్లో, గజ్జల్లో చిక్కుడు గింజలంతటి గ్రంథులుంటాయి. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జలో బిళ్ళ కడుతుంది చూడండి, అది ఈ గ్రంథి ఉబ్బడమే. అందులో కాపలా ఉండే తెల్ల కణాలను లింఫోసైట్లు అంటారు. అలాంటి ఒక కణం అదుపు తప్పి, తన సంతతిని అదే పనిగా పెంచుకుంటూ పోతే ఆ జబ్బు పేరు లింఫోమా. ఇందులో ఒక తెగను 1832లో లండనులో థామస్ హాడ్జ్‌కిన్ అనే వైద్యుడు వర్ణించాడు. దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. తక్కిన తెగలన్నిటినీ కలిపి నాన్-హాడ్జ్‌కిన్ అంటారు.

కాపలా కాసే వాళ్ళ మధ్య కబుర్లు నడవాలి. మన ఆఫీసుల్లో తపాలా నడిచినట్లే తెల్ల కణాల మధ్య కూడా ఒక తపాలా నడుస్తుంది. ఒక కణం చిన్న చిన్న ప్రోటీన్లను బయటకు వదులుతుంది, ఇంకొక కణం వాటిని అందుకుని తగిన పని చేస్తుంది. ఆ ప్రోటీన్లనే సైటోకైన్లు అంటారు. కోవిడ్ రోజుల్లో "సైటోకైన్ తుఫాను" అని పత్రికల్లో అందరం చదివాం. ఆ సైటోకైన్లే ఇవి. వీటిలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురు వల్ల మెదడులోని ఉష్ణ కేంద్రం కదిలి జ్వరం వస్తుంది. అదే కబురు కాలేయానికి చేరితే సి.ఆర్.పి. పెరుగుతుంది. టి.యన్.ఎఫ్. అని ఇంకొకటి ఉంది. అది ఆకలి చంపి ఒళ్ళు కరిగిస్తుంది. అంటే జ్వరం, రాత్రిపూట చెమటలు, బరువు తగ్గడం అన్నవి క్రిమి గాని, కంతి గాని నేరుగా చేసే పనులు కావు. వాటివల్ల నడిచే తపాలా చేసే పనులు. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి. దీనితో మళ్ళీ పని ఉంది.

ఇప్పుడు ఆ సైటోకైన్లు ఎక్కడ తయారవుతాయో చూద్దాం. మన ఒంట్లో ఇంచుమించు ప్రతి కణంలోనూ సుమారు 20 వేల జన్యువులున్న ఒకే పుస్తకం ఉంటుంది. గుండె కణానికీ అదే పుస్తకం, లింఫోసైటుకూ అదే పుస్తకం. ఏ కణం ఏ పేజీ తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి అన్న దానిలోనే అంతా ఉంది. సైటోకైన్ల పేజీలు మామూలు రోజుల్లో మూసి ఉండాలి. క్రిమి వస్తే తెరుచుకోవాలి, పని కాగానే మళ్ళీ మూసుకోవాలి. ఈ తెరవడాన్నీ మూయడాన్నీ శాస్త్రజ్ఞులు రెగ్యులేషన్ అంటారు.

మా శాఖ వాళ్ళకు ఆ మాట కొత్త కాదు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిన తర్వాత, 1957లో ప్రకాశం బ్యారేజీ కట్టారు. దానికి 70 గేట్లు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, అవతల గుంటూరు వైపు కాలువలు, వీటన్నిటి తల దగ్గరా రెగ్యులేటర్లున్నాయి. డెల్టా బతికేది నీళ్ళున్నందువల్ల మాత్రమే కాదు, ఆ నీళ్ళను ఎప్పుడు వదలాలో ఎప్పుడు ఆపాలో చూసే లస్కరు ఉన్నందువల్ల కూడా. షట్టరు దించేవాడు లేకపోతే అవే నీళ్ళు చేను ముంచుతాయి.

కణంలో కూడా అటువంటి లస్కరు ఒకడున్నాడు. పేరు కొంచెం నోరు తిరగదు, యన్.ఎఫ్. కప్పా బి. 1986లో అమెరికాలో డేవిడ్ బాల్టిమోర్ గారి ప్రయోగశాలలో పనిచేస్తూ రంజన్ సేన్ అనే మన భారతీయుడు, బాల్టిమోర్ గారితో కలిసి దీన్ని లింఫోసైట్లలోనే కనిపెట్టారు. మామూలుగా ఈ లస్కరు కణ కేంద్రం బయట కూర్చుని ఉంటాడు. ఐ కప్పా బి అనే ఇంకొక ప్రోటీను అతని చెయ్యి పట్టుకుని కదలనివ్వదు. క్రిమి వచ్చిందని కబురు అందగానే ఆ పట్టుకున్న ప్రోటీను నశిస్తుంది. లస్కరు కేంద్రంలోకి వెళ్ళి ఇంటర్‌ల్యూకిన్-6 వంటి జన్యువుల గేట్లు ఎత్తుతాడు. ఇందులో సృష్టి చేసిన ఏర్పాటు చూడండి. అతను ఎత్తే గేట్లలో ఐ కప్పా బి తయారయ్యే గేటు కూడా ఒకటి. కాసేపటికి కొత్త ఐ కప్పా బి తయారై వచ్చి, లస్కరు చెయ్యి పట్టుకుని మళ్ళీ బయటకు తీసుకువస్తుంది. మూయమని పైనుంచి వేరే ఉత్తర్వు అక్కర లేదు.

దీనికి తోడు ఇంకొక జాగ్రత్త ఉంది. జన్యువు నుంచి నకలు తీసిన కాగితాన్ని మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. అంటారు. చాలా సైటోకైన్ల నకళ్ళకు చివర ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్న నకలు ఎక్కువసేపు నిలవదు, కణం దాన్ని త్వరగా చింపేస్తుంది. మన ఆఫీసు భాషలో అవన్నీ గడువు తేదీ వేసిన తాత్కాలిక ఉత్తర్వులు. 1986లోనే ఈ సంగతి కూడా బయటపడింది. తెరిచే దగ్గర ఒక అదుపు, తెరిచిన తర్వాత ఇంకొక అదుపు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రెండు మూడు రోజుల్లో జలుబు జ్వరం దానంతట అదే దిగిపోవడంలో ఈ అదుపులకు పెద్ద పాత్ర ఉంది.

లింఫోమా కణంలో ఈ అదుపే చెడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దుకున్నాయి. గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. పడవలు అక్కడే ఇరుక్కుపోయాయి. మనలో చాలామంది ఇళ్ళు ఆ వారంలో బుడమేరు నీళ్ళలో ఉన్నాయి, ఆ రోజులు ఎవరూ మరచిపోలేదు. గేటుకు ఏదైనా అడ్డం పడితే అది దిగదు. కణంలో కూడా అలాంటి అడ్డమే పడుతుంది.

ఒక రకం పెద్ద కణాల బి-లింఫోమా ఉంది. ఆ రోగుల్లో నూటికి సుమారు 30 మందిలో మైడి-88 అనే జన్యువులో ఒక్క అక్షరం మారి ఉంటుందని 2011లో తేలింది. పొడుగాటి ప్రోటీనులో 265వ స్థానంలో ల్యూసిన్ బదులు ప్రోలిన్ వస్తుంది, అంతే. కాని ఆ ఒక్క మార్పుతో, క్రిమి లేకపోయినా వచ్చిందని లోపలికి కబురు పోతూనే ఉంటుంది. లస్కరు గేటు ఎత్తే ఉంచుతాడు. ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-10 తయారవుతూనే ఉంటాయి. అవి వెళ్ళి ఎక్కడ చేరతాయనుకున్నారు? తయారు చేసిన కణానికే తిరిగి వచ్చి, "నువ్వు చావవద్దు, ఇంకా పెరుగు" అని చెబుతాయి. తన దరఖాస్తు మీద తానే మంజూరు సంతకం పెట్టుకునే గుమాస్తా ఆఫీసులో ఉంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కర లేదు.

హాడ్జ్‌కిన్ తెగలో తీరు ఇంకొంచెం వేరు. అక్కడ గ్రంథి మొత్తం మీద అసలు క్యాన్సరు కణాలు మామూలుగా నూటికి ఒకటో రెండో ఉంటాయి. వాటిని రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాలంటారు. ఆ కాసిని కణాలు తమ తపాలాతో మంచి కణాలను వేల సంఖ్యలో పిలిపించి చుట్టూ కూర్చోబెట్టుకుంటాయి. మనకు చేతికి తగిలే బిళ్ళలో అధిక భాగం ఇలా పిలిస్తే వచ్చినవే. కొందరిలో లస్కరును పట్టుకోవలసిన ఐ కప్పా బి జన్యువే పాడై ఉంటుంది. ఇంకొందరిలో 1964లో కనిపెట్టిన ఎప్స్టీన్-బార్ వైరస్ కణంలో చేరి, రాని ఉత్తర్వు వచ్చినట్లు నటించే ఒక ప్రోటీనును తయారు చేస్తుంది. మన దేశంలో పిల్లలకు వచ్చే హాడ్జ్‌కిన్‌లో ఈ వైరస్ జాడ ఎక్కువగా కనపడుతుందని డాక్టర్లు చెబుతారు.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. క్షయ క్రిమి ఒంట్లో చేరినా తెల్ల కణాలు ఇదే తపాలా నడుపుతాయి. అవే సైటోకైన్లు, అదే సాయంత్రపు జ్వరం, అవే చెమటలు, అదే బరువు తగ్గడం, మెడ మీద అదే బిళ్ళ. ఇ.యస్.ఆర్., సి.ఆర్.పి. రెండు జబ్బుల్లోనూ పెరుగుతాయి. కవరు ఒక్కటే, పంపినవాడు వేరు. కవరు చూసి పంపినవాడి పేరు చెప్పడం ఎంత అనుభవమున్న వైద్యుడికైనా కష్టమే. మన దేశంలో క్షయ ఎక్కువ కనుక ముందుగా దాన్నే అనుమానించడం సహజం. అనుమానించడంలో తప్పు లేదు. పరీక్ష లేకుండా ఖాయం చేసుకోవడంలోనే ప్రమాదం.

మా తోడల్లుడిది దివిసీమ వైపు, వ్యవసాయం. మెడ పక్కన నొప్పి లేని బిళ్ళ, కొన్నాళ్ళు వచ్చి కొన్నాళ్ళు పోయే జ్వరం, తెల్లవారేసరికి పక్క తడిసేటంత చెమట. నాలుగు నెలల్లో 64 కిలోల మనిషి 56 కిలోలకు వచ్చాడు. దగ్గరలో చూపించుకున్న చోట ఏ ముక్కా పరీక్షించకుండానే క్షయ మాత్రలు మొదలుపెట్టారు. వాటితోపాటు, త్వరగా తేరుకుంటాడని, స్టెరాయిడ్ మాత్రలు కలిపారు. పది రోజుల్లో జ్వరం పోయింది, బిళ్ళ సగమైంది, అన్నం సయించింది. "అన్నయ్య గారూ, గండం గడిచింది" అని ఫోనులో చెప్పాడు. ఇంటిల్లిపాదీ సంతోషించాం.

ఆ పది రోజుల్లో లోపల జరిగిందేమిటో తర్వాత తెలిసింది. స్టెరాయిడ్ కణంలోకి నేరుగా వెళ్ళి, కేంద్రంలో యన్.ఎఫ్. కప్పా బి పనిని అణచివేస్తుంది. అనేక కణాల్లో ఐ కప్పా బి తయారీని కూడా పెంచుతుంది. 1995లో ఈ మర్మం బయటపడింది. అంటే సైటోకైన్ల గేట్లు దిగిపోతాయి. తపాలా ఆగుతుంది, జ్వరం దిగుతుంది. దానికి తోడు స్టెరాయిడ్‌కు లింఫోసైట్లను కొంతవరకు చంపే గుణం ఉంది కనుక బిళ్ళ కూడా కరుగుతుంది. కాని అడ్డం పడ్డ పడవ అడ్డంగానే ఉంది. స్టెరాయిడ్ ఆపిన మూడో వారంలో జ్వరం మళ్ళీ వచ్చింది, బిళ్ళ మళ్ళీ లేచింది.

విజయవాడ తీసుకువచ్చి చూపిస్తే, పెద్ద డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న "స్టెరాయిడ్ ఏమైనా వాడారా?" అని. సూదితో తీసిన నమూనాలో ఏమీ తేలలేదు. స్టెరాయిడ్ పడిన గ్రంథిలో చూడవలసిన కణాలు చెదిరిపోతాయట. ఆగి, తర్వాత గ్రంథి మొత్తం తీసి పరీక్షిస్తే హాడ్జ్‌కిన్ అని వచ్చింది. అప్పటికి నాలుగు నెలలు గడిచాయి. స్కానులో పొట్టలోని గ్రంథుల్లో కూడా ఉందన్నారు. మొదట్లో ఎంతవరకు ఉందో ఎవరూ చెప్పలేరు, ఎవరూ చూడలేదు కనుక. పదిహేను రోజులకొకసారి చొప్పున 12 సార్లు కీమోథెరపీ ఇచ్చారు. భగవంతుని దయవల్ల, డాక్టర్ల కృషివల్ల ఇప్పుడు నాలుగో ఏడు, మనిషి బాగున్నాడు. కాని అందరికీ నాలుగు నెలలు పోగొట్టుకునే వ్యవధి ఉండదు. అదే వార్డులో పక్క మంచం మీది కుర్రవాడికి అంత వ్యవధి దొరకలేదు.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేను చెప్పడం లేదు. నాన్-హాడ్జ్‌కిన్‌కు ప్రసిద్ధమైన చాప్ అనే చికిత్సలో చివరి అక్షరం ప్రెడ్నిసొలోన్‌దే. అదీ స్టెరాయిడే. జబ్బు పేరు తేలిన తర్వాత, తక్కిన మందులతో కలిపి, లెక్క ప్రకారం ఇస్తే అది మందు. పేరు తేలకముందు ఇస్తే సాక్ష్యాన్ని చెరిపేసే రబ్బరు.

ఈ రంగంలో మన తెలుగువారి పాత్ర గురించి రెండు మాటలు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో ఉండగా ఆయన బృందం అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులను అందించింది. 1948లో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ గారు అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికంగానైనా లొంగదీశారు. అదే ఏడు సుబ్బారావు గారు కన్నుమూశారు. మెదడులో వచ్చే లింఫోమాకు ఈనాటికీ ముఖ్యమైన మందు మెథోట్రెక్సేటే. బి-లింఫోమాలకు వాడే రిటుక్సిమాబ్‌ను తక్కువ ధరకు 2007లో హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వారు రెడిటక్స్ పేరుతో తెచ్చారు. కొత్తగూడెంలో పెరిగి, ఉస్మానియాలో పి.హెచ్.డి. చేసిన కన్నెగంటి తిరుమలదేవి గారు అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో పరిశోధిస్తూ, టి.యన్.ఎఫ్., గామా ఇంటర్ఫెరాన్ అనే రెండు సైటోకైన్లు కలిస్తే కణాలు ఎలా నాశనమవుతాయో 2021లో తన బృందంతో చూపించారు. 2021లో కోవిడ్ రెండో అల నాడు జనం వెతికిన టోసిలిజుమాబ్ ఇంజెక్షను చేసేది ఇంటర్‌ల్యూకిన్-6 కబురును అందనివ్వకపోవడమే. లస్కరుకు కబురు చేరే దారిలోనే అడ్డుపడే ఇబ్రుటినిబ్ అనే మాత్ర 2013లో అమెరికాలో అనుమతి పొంది, కొన్ని రకాల లింఫోమాలకు వాడుకలోకి వచ్చింది. గేటు సంగతి తెలిసినందువల్లనే ఈ మందులు వచ్చాయి.

చివరగా కొన్ని విన్నపాలు.

మొదటిది. మెడలో గాని, చంకలో గాని, గజ్జలో గాని నొప్పి లేని బిళ్ళ మూడు నాలుగు వారాలకు కూడా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. కారణం తెలియని జ్వరం, పక్క తడిసే చెమటలు, ఆరు నెలల్లో బరువులో పదో వంతు తగ్గడం, వీటిలో ఏది తోడైనా ఇంకా ముందే వెళ్ళండి.

రెండవది. క్షయ అన్నా, ఇంకొకటన్నా, "ముక్క పరీక్ష చేశారా, క్షయకు జీన్ పరీక్ష చేశారా?" అని మర్యాదగా అడగండి. సూది పరీక్షలో తేలకపోతే గ్రంథి తీసి చూడవలసి రావచ్చు. కత్తి పెడితే పాకుతుందన్న భయం మన ఊళ్ళలో ఇంకా ఉంది. గ్రంథి తీసి పరీక్షించినందువల్ల లింఫోమా పాకదు. పరీక్షలో క్షయ అని రుజువైతే మాత్రం డాక్టరు చెప్పినన్నాళ్ళూ పూర్తిగా మందులు వాడండి, మధ్యలో ఆపవద్దు.

మూడవది. జబ్బు పేరు తేలకముందే ఇచ్చిన మాత్రల్లో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటివి ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి. ఉబ్బసానికో, కీళ్ళకో ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతున్నవారు నా మాట విని హఠాత్తుగా ఆపవద్దు. అది ప్రాణం మీదకు తెస్తుంది. వాడుతున్నామని డాక్టరుకు ముందే చెప్పండి, చాలు.

నాలుగవది. ప్రతి చీటీ, ప్రతి రిపోర్టు తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకోండి. ఈ పని మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. మా తోడల్లుడి విషయంలో ఆ పాత చీటీ చేతిలో ఉండబట్టే స్టెరాయిడ్ సంగతి అయిదు నిమిషాల్లో బయటపడింది.

కారణం నమోదు కాని ఫైలును మనం సర్వీసులో ఏనాడూ మూయలేదు. ఒంటి విషయంలోనూ ఆ నియమాన్ని పాటిద్దాం.